మిగిలిన రసం

"మోరీలో పోయకూడదప్పా. తాగేయి," అన్నాడు మునినారాయణప్ప, కూజా ఓబళప్ప చేతికిస్తూ.

ఆరాధన ముగిసింది. ఎండాకాలం సెలవులకు సగం సంఘం ఊళ్ళకు పోయింది. వచ్చినవాళ్ళు కూడా ఎండకు జడిసి కార్లెక్కి వెళ్ళిపోయారు. ప్రభుభోజనంలో చిన్న చిన్న గ్లాసుల్లో పంచింది పోగా ద్రాక్షరసం సగం కూజా మిగిలింది. పాస్టరు చెయ్యి పెట్టి ప్రార్థించిన రసం అది. పారబోస్తే ప్రభువు రక్తాన్ని కాలితో తొక్కినట్టే. మిగిలింది ఎవరో ఒకరు తాగాలి, కూజా కడిగిన మొదటి నీళ్ళు మొక్కకు పోయాలి. సర్జాపుర రోడ్డు మీద అపార్ట్‌మెంట్లు లేవక ముందు, ఇటుకబట్టీల్లో పనిచేసే నాలుగు తెలుగు కుటుంబాలు రేకుల కింద కూర్చుని మొదలుపెట్టిన సంఘంలో ఆ పద్ధతి అప్పట్నించీ ఉంది. ఇప్పుడు రేకులు పోయి స్లాబు పడింది, గచ్చు పోయి టైల్సు వచ్చాయి, బెంచీల్లో ముందు వరస కంప్యూటరు ఉద్యోగాలవాళ్ళది అయింది. రసం పిండేది మాత్రం ఇప్పటికీ మునినారాయణప్పే, గిన్నెలు కడిగేది ఓబళప్పే.

బాప్తిస్మమప్పుడు మునినారాయణప్పకు ఫిలేమోను అని పేరు పెట్టారు. ఆ పేరు దేవుడికి గుర్తుందేమో గానీ మనుషులెవరూ పిలవలేదు. తెల్లచొక్కా, నెరిసిన మీసం, సంఘపెద్ద అన్న గౌరవం. అన్నిటికంటే ఆయనకు గొప్ప, ఓబళప్పను సారాయి కొట్టు ముందు నుంచి లేపి బాప్తిస్మపు నీళ్ళ దాకా నడిపించింది తానేనని.

ఓబళప్ప గ్లాసులో పోసుకుని ఒక గుక్క తాగి ఆగాడు. గ్లాసులోకి చూశాడు. తర్వాత మునినారాయణప్ప ముఖంలోకి చూశాడు.

"అన్నా, ఇది..."

"ఏమప్పా?"

"ఏమీ ల్యా."

"పులుపా? ఈ తూరి కాయే అట్ల ఉండాది. ప్రభువు రక్తంలో తీపు వెతుకుతారా ఎవరన్నా? తాగు."

ఓబళప్ప తాగాడు. రెండో గ్లాసు తనే పోసుకున్నాడు. ఈసారి గుక్కలు లేవు. కళ్ళు మూసుకుని, పెదాల దగ్గర నిలిపి నిలిపి, చివరికి అంచు మీద చుక్క కూడా నాలుకతో తీసుకున్నాడు. మూతి తుడుచుకోలేదు. ఎంత భక్తి వీడిదని మునినారాయణప్ప మనసులో పొంగిపోయాడు.

మామూలుగా ఆయన శనివారం సాయంత్రం నల్లద్రాక్ష తెచ్చి, నలిపి, కాచి, తెల్లగుడ్డలో వడగట్టేవాడు. ఈసారి తలుపుల పాలిష్ పని మీద పడి తీరిక దొరకలేదు. భార్య పాపక్క కూతురి కాన్పుకని దేవనహళ్ళి పోయింది. గురువారమే ద్రాక్ష పిండి, కాచకుండానే స్టీలు క్యాను నింపి, మూత బిగించి, చర్చి వెనకగదిలో పెట్టేశాడు. ఆదివారం పొద్దున మూత తీస్తే ఉస్సుమంది. పైన నురగ ఉంది. ఎండకు అలాగే అవుతుందనుకుని గరిటెతో నురగ తీసేశాడు. ముక్కు దగ్గర పెట్టుకోలేదు. పెట్టుకున్నా లాభం లేదు. కరోనా వచ్చి పోయినప్పుడు ఆయన ముక్కును కూడా తీసుకుపోయింది. నాలుకకు ఉప్పూ కారం పులుపూ తీపీ తెలుస్తాయి, అంతే. ప్రార్థన కాకముందు రసం నోట పెట్టకూడదని పెట్టుకున్న నియమం ఒకటి ఆయనది. ప్రభుభోజనపు బల్ల దగ్గర అందరితోపాటు తాగినప్పుడు పుల్లగా తగిలింది. ముందు వరసలో కూర్చునే లలిత్ గారు మాత్రం వెళ్తూ వెళ్తూ భుజం తట్టి, ఈసారి రసం భలే కుదిరిందన్నా అని నవ్వారు. పెద్దవాళ్ళు మెచ్చుకుంటే ఎవరికి చేదు? మునినారాయణప్ప కూడా నవ్వాడు.

ఆ వారమంతా హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో పని. నాలుగో అంతస్తులో ఇల్లు, టేకు తలుపులు, పూజగదికి గంటలు తగిలించిన రెక్కలు. మునినారాయణప్ప గన్ను పట్టి స్ప్రే కొడతాడు. ఓబళప్పది చేతిపని. ఉప్పుకాగితంతో చెక్కను నున్నగా రుద్ది, దూదిని మెత్తటి గుడ్డలో ఉండ చుట్టి, స్పిరిట్‌లో కరిగించిన లక్కలో ముంచి, తలుపు మీద గుండ్రంగా తిప్పుతాడు. తడి ఆరకముందే చెయ్యి తిరగాలి. ఆగితే అక్కడ మచ్చ పడుతుంది. దినమంతా స్పిరిట్ గాలి పీలుస్తూ, ఆ డబ్బా కాళ్ళ సందున పెట్టుకుని, నాలుక తడపని మనిషి ఓబళప్ప. సంఘంలో సాక్ష్యం చెప్పమంటే ఆ డబ్బా సంగతే చెప్పేవాడు. "సైతాను నా కాళ్ళ కాడ డబ్బాలో కూచునుంటాడు. నేను వాన్ని పట్టుకొని తలుపులకి మెరుగు పెడతాండా." జనం నవ్వి ఆమెన్ అనేవాళ్ళు.

సోమవారం ఓబళప్ప ఆలస్యంగా వచ్చాడు. మంగళవారం పాటలు పాడుకుంటూ రుద్దాడు. మనిషి సంతోషంగా ఉన్నాడని మునినారాయణప్ప కూడా గొంతు కలిపాడు. బుధవారం మధ్యాహ్నం, పని చూసుకునే దర్శన్ అనే కుర్రవాడు ఆయన్ని లిఫ్టు దగ్గరికి పిలిచాడు.

"అంకల్, మీ మనిషి ఫుల్ టైట్ ఉన్నాడు. ఓనర్ మేడమ్ చూస్తే నా జాబ్ పోతుంది."

మునినారాయణప్పకు ఒళ్ళు మండింది. ఓబళప్ప తన చేతుల మీదుగా నీళ్ళలో మునిగి లేచినవాడనీ, స్పిరిట్ వాసనకే తాగుబోతనేస్తే ఈ పని చేసేవాళ్ళంతా తాగుబోతులేననీ, తాను దేవుడి సాక్షిగా పూచీ అనీ గట్టిగానే అన్నాడు.

"స్పిరిట్ బేరే, బ్రాందీ బేరే అంకల్. పక్కనే కూర్చుంటారు కదా, మీకు ముక్కు లేదా?"

ఆ మాట ఆయన్ని తాకాల్సిన చోటే తాకింది. విసవిసా లోపలికి నడిచి, పూజగది తలుపు ముందు కూర్చున్న ఓబళప్ప పక్కనున్న దూది మూట విప్పి విదిలించాడు. నలిగిన బ్రాందీ ప్యాకెట్లు నేల మీద పడ్డాయి. ఒకటి ఇంకా కత్తిరించలేదు.

వడ్రంగులు పని ఆపి చూశారు. ఓబళప్ప చేతిలో దూది ఉండ అలాగే ఉంది. తిప్పడం ఆగిన చోట తలుపు మీద తెల్లగా మచ్చ పడుతోంది. మునినారాయణప్ప వాళ్ళందరి ముందూ ఆ మనిషిని కడిగేశాడు. కుక్క తన వాంతికే తిరిగినట్టు తిరిగావన్నాడు. ప్రభువుకు మళ్ళీ మేకులు కొట్టావన్నాడు. నీ వల్ల నా నోట అబద్ధపు పూచీ వచ్చిందన్నాడు. అసలు మంట ఈ చివరిదే.

ఓబళప్ప అంతా విని, "అవునన్నా," అన్నాడు. దూది ఉండను డబ్బా మూత మీద జాగ్రత్తగా పెట్టి, చేతులు తుడుచుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

శనివారం పాస్టరు ఇంట్లో పెద్దలు కూర్చున్నారు. ఓబళప్ప మీద అందరికంటే గట్టిగా మాట్లాడింది మునినారాయణప్పే. తన మనిషి కాబట్టి తానే కఠినంగా ఉండాలనుకున్నాడు. బుద్ధి మారినట్టు కనబడేదాకా ఓబళప్పకు బల్ల లేదు, పాత్రలు ముట్టే పని లేదని తీర్మానం అయింది. ఆ మనిషిని పిలిచి అడుగుదామని ఒక్కరికీ తోచలేదు. కబురు చెప్పే పని కూడా మునినారాయణప్పకే పడింది. ఫోను ఓబళప్ప భార్య నాగమ్మ ఎత్తింది. విన్నంతసేపూ ఊకొట్టింది.

"అట్లనే కానీన్నా. పెద్దోళ్ళు మీరు," అంది చివరికి. "పోయిన ఆదివారం చర్చి కాడ నుంచి వచ్చేటప్పుడే అట్ల ఉండె. నేను యాడన్నా దావలో తాగినాడేమో అనుకొంటి."

ఆ మాట ఆయన చెవిలో పడింది గానీ లోపలికి దిగలేదు. పాత్రలు కడిగేవాడు లేడు కదా అని, వెనకగదిలో మూల పడి ఉన్న క్యాను తీసుకుని ఇంటికి పోయాడు.

పాపక్క ఆ సాయంత్రమే దేవనహళ్ళి నుంచి వచ్చింది. మనవరాలి ముక్కు ఎవరిదో, చెవులెవరివో చెబుతూ చెబుతూ కడగడానికని క్యాను మూత తీసి, తల పక్కకు తిప్పుకుంది.

"యా కల్లంగడి తెచ్చిపెట్టినావు ఇంట్లోకి?"

అది బల్ల దగ్గరి రసమని, పిచ్చిమాటలు వద్దని ఆయన కసిరాడు. పాపక్క తండ్రి ఈతచెట్లు గీసినవాడు. ఆ వాసన ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. కాచావా అని అడిగింది. లేదన్నాడు. ఎప్పుడు పిండావంది. చెప్పాడు.

"ఈ ఎండకి మూతేసి పెడితే ఏమైతాదిరా దేవుడా," అని ఆమె క్యాను పక్కన కూలబడింది. "ఒక మాట ఫోన్లో అడగల్యా నన్ను? నీ ముక్కు సచ్చిందని ఊరికంతా తెల్సు, నీకే తెల్దు."

మునినారాయణప్ప క్యానులోకి తల వంచి గుండెల నిండా పీల్చాడు. ఏమీ లేదు. గోడను పీల్చినట్టుంది. అడుగున మిగిలిన చారలో వేలు ముంచి నాకాడు. పులుపు. అప్పుడు ఒక్కొక్కటీ వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. ఉస్సుమన్న మూత. నురగ. లలిత్ గారి నవ్వు. నాగమ్మ మాట. అన్నిటికంటే వెనక, అన్నిటికంటే మెల్లగా, 'అన్నా, ఇది...' అని ఆగిపోయిన గొంతు. తాగు అన్నది తాను. ప్రభువు పేరు పెట్టి మరీ తాగించింది తాను. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, స్తోత్రం చెప్పుకోవడానికి కళ్ళు మూసి, తెరిచి, కంచం పక్కకు జరిపాడు.

మర్నాడు ఆరాధనకు ముందే పాస్టరు ఇంటికి పోయాడు. పాస్టరు తెనాలి వైపు మనిషి, వయసులో చిన్నవాడు, మంచి మాటకారి. చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. మునినారాయణప్ప నిలబడే అంతా చెప్పాడు.

పాస్టరు నొచ్చుకున్నాడు, కాదనడానికి లేదు. ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఆయన చేతులు పట్టుకున్నాడు. మోషే కాలంలో తెలియక చేసిన పాపానికి కూడా ఒక మేకను బలి ఇచ్చేవాళ్ళనీ, మనకా మేక సిలువ మీదే అయిపోయిందనీ, తెలియక చేసింది తెలిసిన క్షణాన ఒప్పుకుంటే చాలనీ చెప్పాడు. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. ఇస్త్రీపెట్టె వేడి తగ్గేలోపే మునినారాయణప్ప పాపం క్షమించబడింది.

"మరి ఓబళప్ప, అయ్యగారూ?"

"ఆయన సంగతి వేరు కదన్నా. మీరు తెలియక చేశారు. ఆయన సోమవారం నుంచి తెలిసే తాగాడు."

"వాడు తెలిసి చేసిందానికి మొదలు, నేను తెలియక చేసింది కదా?"

"పశ్చాత్తాపపడి రానివ్వండి, చేర్చుకుందాం. తలుపులు మూయలేదుగా." పాస్టరు మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకున్నాడు. "ఒక్క మాటన్నా. ఇది సంఘంలో ఎత్తకండి. కొత్తగా వస్తున్న కుటుంబాలున్నాయి, పిల్లలు తాగారు. చర్చిలో సారా పోశారంటారు. వచ్చే నెల నుంచి సీలు వేసిన బాటిలు కొందాం."

అంతే. ఆయన పాపానికి బాటిలు మూతతో సీలు పడింది. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ పిడికెడు పిడికెడూ ఎవరికి వాళ్ళు కడిగేసుకుని, గంప ఓబళప్ప నెత్తిన పెట్టారు.

ఓబళప్ప ఇల్లు ఒక వఠారంలో చివరి గది. మధ్యాహ్నం మునినారాయణప్ప వెళ్ళేసరికి నాగమ్మ వాకిట్లో గిన్నెలు తోముతోంది. రా అనలేదు, కూర్చో అనలేదు, లోపలికి గడ్డంతో చూపించింది. ఓబళప్ప చాప మీద గోడకానుకుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. ఆ చేతులు వణకడం మునినారాయణప్ప చూశాడు. గీత పడకుండా తలుపంత తలుపు మీద తిరిగిన చేతులు అవి.

కింద కూర్చుని, తల ఎత్తకుండా, క్యాను సంగతీ పాపక్క సంగతీ, పాస్టరు చెప్పిన మేక సంగతీ చెప్పాడు. రసం పులిసిపోయిందని తనకు తెలియదని చెప్పాడు. పనిలో అందరి ముందూ తిట్టినందుకు కూడా క్షమించమన్నాడు.

"నాకు తెల్సున్నా," అన్నాడు ఓబళప్ప. "మొదటి గుక్కకే తెల్సె."

"తెలిస్తే ఎందుకు చెప్పకపోతివప్పా? నోరు తెరిచి, మళ్ళా ఏమీ ల్యా అంటివే."

ఓబళప్ప చాలాసేపు ఆలోచించాడు. అబద్ధం వెతుకుతున్నట్టు లేదు. నిజాన్నే ఎక్కడ పట్టుకుని ఎత్తాలా అని చూస్తున్నట్టుంది.

"చెప్పింటే రెండో గలాసు తాగనిస్తా ఉంటివా?"

బయట గిన్నెల చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

"నువ్వు తాగమంటివి. అదీ ప్రభువు పేరు చెప్పి. నాకు ఇంకేం కావల్ల? ఇన్నేండ్లుగా కాసుకొని కూచున్నోనికి వాకిలి తీసినట్లాయె." ఓబళప్ప నవ్వాడు, నవ్వు మధ్యలోనే పోయింది. "నీది తెలియక చేసింది. క్షమాపణ అడిగితివి, ఇస్తిని, పో. నాది తెలిసి చేసింది. సగం తెలిసి, సగం నీ మాటకి. అట్లాంటిదానికి యా మేక ఉండాదో మీ అయ్యగారిని అడుగు."

మునినారాయణప్ప వచ్చేటప్పుడు ఎత్తుకొచ్చిన బరువు అక్కడ దించిపోదామనుకున్నాడు. దించాడు కూడా. అది సరిగ్గా ఓబళప్ప ఒళ్ళోనే పడింది.

మే నెల మొదటి ఆదివారం మళ్ళీ బల్ల వచ్చింది. సీలు వేసిన బాటిళ్ళు లలిత్ గారు తెచ్చారు. ఓబళప్ప కూడా వచ్చాడు, నాగమ్మ లాక్కొచ్చింది. ఆమె లోపల ఆడవాళ్ళ వైపు కూర్చుంది. అతను గడప దాటలేదు. బయట చెప్పులు విడిచే మెట్ల మీద కూర్చున్నాడు. పక్కనే కిటికీ తెరిచి ఉంది. దాటిపోయేవాళ్ళు ముక్కు చిట్లించి, పిల్లల్ని అటు చివరికి లాగి నడిచారు.

సాక్ష్యాల సమయంలో మునినారాయణప్ప లేచాడు. పాస్టరు కళ్ళతో వద్దన్నాడు. ఆయన మైకు పట్టుకున్నాడు. రసం కాచకపోవడం, వాసన తెలియకపోవడం, మిగిలింది ఓబళప్ప చేత తాగించడం, అన్నీ వరసగా చెప్పాడు.

"ఓబళప్పని పడేసింది నా చెయ్యి. వాన్ని బల్లకి దూరం పెట్టినారు. పెడితే నన్నూ పెట్టండి. నన్ను కూర్చోబెడితే వాన్నీ కూర్చోబెట్టండి."

పాస్టరు మాటకారి అన్నాను కదా, ముందుకొచ్చి ఆయన భుజం చుట్టూ చెయ్యి వేశాడు. తెలియక జరిగినదానికి కూడా ఇంతగా విలపించే మెత్తని మనస్సాక్షిని ఈ రోజుల్లో ఎక్కడ చూస్తామన్నాడు. ఇలాంటి పెద్దను ఇచ్చిన దేవునికి స్తోత్రమన్నాడు. ముందు వరసలో ఒకరు ఆమెన్ అన్నారు. తర్వాత అందరూ అన్నారు. చప్పట్లు మొదలయ్యాయి. లలిత్ గారు కళ్ళు తుడుచుకున్నారు. ఓబళప్ప పేరు ఆ చప్పట్ల కింద ఎక్కడో పడిపోయింది, ఎవరూ వంగి తీయలేదు. ఆడవాళ్ళ వైపు నాగమ్మ ఒక్కతే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఈ రోజు పళ్ళెం మీరే పంచాలన్నా అని పాస్టరు గ్లాసులున్న పళ్ళెం ఆయన చేతుల్లో పెట్టాడు. ఎర్రటి రసం, గ్లాసు గ్లాసుకూ ఒకే మట్టం. మునినారాయణప్ప పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. దాన్ని మళ్ళీ బల్ల మీద పెట్టి, మధ్యదారిన నడిచి బయటికొచ్చాడు. బాత్రూముకనుకుని ఉంటారు, ఎవరూ పిలవలేదు.

మెట్ల మీద ఓబళప్ప పక్కన, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు.

"బాగా చెప్పినావన్నా," అన్నాడు ఓబళప్ప. "సప్పట్లు గట్టిగా కొట్టిరి. నేను సాక్ష్యం చెప్పినపుడు కూడా అంత కొట్టల్యా."

లోపల పాట ఎత్తుకున్నారు.

"నా కాడ వాసన వస్తాందా?"

మునినారాయణప్ప ఊపిరి పీల్చాడు. చెప్పుల తోలు, ఎండ, పక్కనున్న మనిషి, ఏదీ లేదు.

"నాకు రాదు కదప్పా."

"అందుకే కూచుంటివి," అన్నాడు ఓబళప్ప. అందులో ఎత్తిపొడుపు లేదు.

పాట అయిపోయింది. లోపల బెంచీలు జరిగాయి. రసం మిగిలిందనీ ఎవరైనా తాగాలనీ అంటున్నారు. మునన్న ఎక్కడ అని ఎవరో అడిగారు. ఆ మాటకు ఓబళప్ప లేచాడు. చెప్పుల గుట్టలోంచి తనవి కాలితో ఏరుకుని, గేటు దాటి రోడ్డు వైపు మళ్ళాడు. ఆ మలుపు అవతల ఏ కొట్టు ఉందో ఇద్దరికీ తెలుసు.

రమ్మని పిలిచే ముఖం మునినారాయణప్పకు లేదు. ఎక్కడికి పిలుస్తాడు? ఆయన లేచి, చెప్పులు వెతుక్కోకుండానే గేటు దాటాడు. మే నెల తారు అరికాళ్ళను పట్టుకుంది. ముందు పోయే మనిషి వెనక్కి తిరిగి చూడలేదు. నడక మాత్రం కాస్త నిదానించాడు, లేదా మునినారాయణప్పకు అలా అనిపించింది.